దిష్టి చుక్క

షట్టరు మీద అరచేత్తో రెండు దెబ్బలు పడ్డాయి. ముత్తన్న చేతిలో కుంచె ఆగిపోయింది. దాంతోపాటు ఊపిరీ ఆగింది. ముందు లైటు ఆర్పాలా, డబ్బా మీద బరకం కప్పాలా, తానే బరకం కింద దూరాలా అని తేల్చుకునేలోగా బయటినుంచి దగ్గు వినిపించింది. ఈ గల్ఫు ఊరు నువైద్రాత్ మొత్తంలో అంత తీరిగ్గా దగ్గేవాడు ఎలియేజరు ఒక్కడే.

"తియ్యవయ్యా బాబూ, టీ చల్లారిపోతంది. పోలీసులైతే దగ్గి మరీ వత్తారేంటి?"

ముత్తన్న షట్టరును నడుమెత్తు లేపాడు. ఎలియేజరు తన భారీకాయాన్ని ఒంచి లోపలికి దూరాడు. అతని వెనకే కాస్త ఎండ, కాస్త దుమ్ము కూడా దూరాయి. అతను ముత్తన్న పనిచేసే గ్యారేజీలోనే పికప్ డ్రైవరు. రాజోలు దగ్గరి మనిషి. గ్యారేజీ వెనకున్న ఈ గోదాము తాళంచెవి అతని బెల్టుకే వేలాడుతుంది.

"గట్ల కొట్టకన్నా. పానం పోతది."

"నీ పానం రోజుకి పదిసార్లు పోతంది. ఇంకా మిగిలుందంటే గట్టిదే" అంటూ ఎలియేజరు థర్మాకోల్ కప్పు అందించాడు.

బల్లమీద ఉన్న డబ్బా చిన్న ఇనప్పెట్టె అంత ఉంది. ముందువైపంతా అల్యూమినియం పోత. రెక్కలు విప్పిన గద్ద, దాని కింద చెర్రీ పళ్ళ గుత్తులు, తీగలు, మధ్యలో మూడు బొమ్మలు తిరిగే కిటికీ, పక్కన లాగడానికి ఒక చెయ్యి. నాణెం వేసి చెయ్యి లాగితే మూడు బొమ్మలూ ఒకటై నిలవాలి. నిలిస్తే పంట పండినట్టు, లేకపోతే వేసింది పోయినట్టు. ఎప్పుడో తెల్లదొరల క్లబ్బుల్లో ఆడుకున్న జూదం డబ్బాలివి. వాటి ముఖాన ఉన్న రంగులన్నీ పెచ్చులూడిపోతే, మళ్ళీ పాతరోజుల్లోలా చెయ్యమని గ్యారేజీ యజమాని, వీసా ఇచ్చి తెచ్చుకున్న కఫీలు అబూ జాబిర్ ముత్తన్నకు అప్పజెప్పాడు.

"అలంకారానికే. ఇంట్లో పెట్టుకోవడానికి" అన్నాడు కఫీలు. అలంకారానికైతే షట్టరు మూసుకుని ఎందుకు చెయ్యాలని ముత్తన్న అడగలేదు. అడిగే ధైర్యమే ఉంటే అతను నిర్మల్ విడిచి వచ్చేవాడే కాదు. ఈ దేశంలో జూదం నేరమని పనివాళ్ళుండే క్యాంపులో అందరికీ తెలుసు. పేకముక్కలతో దొరికినవాళ్ళను జైలునుంచి అటే విమానం ఎక్కించారని, మళ్ళీ ఏ గల్ఫుకూ రానివ్వరని చెప్పుకుంటారు. ముక్కలకే అంతైతే డబ్బాలకెంతో?

శుక్రవారం విమానం. వచ్చాక మొదటి ఛుట్టీ. ముత్తన్న బయల్దేరినప్పుడు భార్య నాగవ్వ నీళ్ళోసుకుని ఉంది. పుట్టిన పిల్ల శిరీష ఇప్పుడు ఫోనులో "నాయినా, ఎప్పుడొస్తవ్?" అని గదమాయిస్తోంది. ఆ పిల్ల ముఖం అతనింకా చూడలేదు. పాస్‌పోర్టు కఫీలు బీరువాలో ఉంది. ఈ నాలుగో డబ్బా కూడా పూర్తయితే ఇస్తానన్నాడు. ముత్తన్న కోరేదల్లా శుక్రవారం దాకా ఆ షట్టరును పరాయి చెయ్యి తట్టకుండా ఉండాలనే.

అతను మళ్ళీ కుంచె అందుకున్నాడు. ఉడుత తోక వెంట్రుకలతో తండ్రి కట్టిన కుంచె అది. నిర్మల్లో పొనికి చెక్క బొమ్మలకు రంగులేసే నకాషీల ఇల్లు వాళ్ళది. ఎర్రరంగును పళ్ళ గుంటల్లోకి నిండుగా, అంచులు దాటి పొంగేలా వదిలాడు. ఆ తర్వాత పాత బనీను గుడ్డను చిన్న చెక్కపేడుకు బిగించి చుట్టి, థిన్నరులో ముంచి, పిండి, పొడిబారే దాకా గాలికి ఊపాడు. ఎడమనుంచి కుడికి ఒక్కసారే తుడవాలి. రెండోసారి తుడిస్తే గుంటలోని రంగు కూడా లేచి వచ్చేస్తుంది. చెయ్యి వణక్కూడదు. ఇంత పిరికిమనిషికీ ఆ క్షణంలో మాత్రం చెయ్యి వణకదు. గుడ్డ పోయిన దారిలో మీదికి లేచిన లోహం అంతా తెల్లగా మెరిసింది. రంగు గుంటల్లో నిలిచింది.

"అబ్బ! పళ్ళు కోసుకుని తినేలాగున్నాయి" అన్నాడు ఎలియేజరు.

ముత్తన్న అప్పటికే చివరి పని చేస్తున్నాడు. డబ్బా ఎడమ పక్కన, కీలు కింద, ఎవరూ వంగి చూడని చోట ఒక నల్ల చుక్క పెట్టాడు. దాన్ని ఆనుకుని నెలవంకలా వెంట్రుకవాసి పసుపు గీత గీశాడు. పూర్తయిన బొమ్మకు చుక్క పెట్టకపోతే దిష్టి తగులుతుందని తండ్రి నేర్పిన అలవాటు. ఆ పసుపు గీత వాళ్ళ ఇంటిది, ఇంకెవరూ పెట్టరు. ఇది అతను అనుకుని చేసేది కాదు. చేతిదే ఆ అలవాటు. గ్యారేజీలో రంగేసిన ప్రతి కారుకూ పెట్రోలు మూత వెనక అదే చుక్క ఉంటుంది. గేటుకుంది, క్యాంపులో నీళ్ళ కూలరుకుంది.

"జూదం డబ్బాకి కూడానా? దీనికి తగిలే దిష్టేంటయ్యా, ఇదే జనాలకి దిష్టి" అని ఎలియేజరు పకపకా నవ్వాడు. "మా సంఘం బోర్డు మీద సిలువ కిందా పెట్టావు. ఈగ రెట్టేసిందనుకుని గోరుతో గోకబోయాను. మా కృపమ్మ తిట్టింది. సంఘానికి మాత్రం దిష్టి తగలదా, ఉండనియ్యి అంది."

ముత్తన్న కూడా నవ్వాడు. కిటికీ గట్టు మీద ఆరుతున్న చిలకను చూపించాడు. సామాను పెట్టెల చెక్కతో కూతురికోసం చెక్కిన చిలక. దాని బుగ్గమీద కూడా నల్ల చుక్క, పసుపు గీత ఉన్నాయి.

"పుట్టినప్పుడు బుగ్గకు చుక్క పెడుదునంటే నేను లేకపోతిని. గందుకే గీడ దొరికినదానికల్లా పెడుతున్న" అన్నాడు.

ఎలియేజరు ఆ చిలకను అరచేతిలోకి తీసుకుని చాలాసేపు చూశాడు. దగ్గు వస్తే, దాని మీద పడకుండా ముఖం పక్కకు తిప్పుకుని దగ్గాడు.

*

సోమవారం పొద్దున డబ్బాలు నాలుగూ పికప్ ఎక్కాయి. వాటికి ముత్తన్న పాత దుప్పట్లు చుట్టాడు. ఎలియేజరు తాళ్ళు బిగించాడు. కర్జకాన్ వైపు ఏదో తోటలో దింపి రమ్మని కఫీలు హుకుం.

"వచ్చేటప్పుడు పిల్లకి చాక్లెట్లు తెత్తాను. నువ్వు కొనేవి ఎండకి కరిగిపోయేవే కొంటావు" అని ఎలియేజరు బండి కదిలించాడు.

మధ్యాహ్నం అన్నానికి అతను రాలేదు. సాయంత్రం డ్యూటీ దిగాక క్యాంపు గదిలో ముత్తన్న రొట్టె నోట్లో పెట్టుకోబోతుంటే లక్ష్మణ్ వచ్చాడు. ముత్తన్న పక్క మంచంవాడు, జగిత్యాల దిక్కు మేస్త్రీ. చెప్పులు కూడా విడవకుండా మంచం మీద కూర్చున్నాడు.

"ఎలియన్నను పోలీసులు పట్కపోయిన్రంట. తోటల జూదం ఆడుతున్నరట. గప్పుడే డబ్బాలు దించుతున్నడట."

ముత్తన్న రొట్టె కింద పెట్టేశాడు. మొదట అతనికి తోచింది ఎలియేజరు సంగతి కాదు. నాలుగు కీళ్ళ కింద ఉన్న నాలుగు చుక్కలు తోచాయి. తోచినందుకు సిగ్గు కూడా వేసింది, అయినా అవే తోచాయి. తేలు కుట్టిన దొంగలా గోడవైపు తిరిగి పడుకున్నాడు. మెట్ల మీద ఎవరి బూట్లు వినిపించినా దుప్పటి బిగించుకున్నాడు.

మర్నాడు గ్యారేజీ తెరిచేసరికే అబూ జాబిర్ వచ్చి ఉన్నాడు. ఆయన అరిచే మనిషి. ఆ పొద్దున అరవలేదు. గోదాములో బోర్లించిన పెయింటు డబ్బా మీద కూర్చుని, తస్బీ పూసలు తిప్పుతూ, "ఆవో ముత్తన్నా" అని మెత్తగా పిలిచాడు. ఆ మెత్తదనానికే ముత్తన్న గుమ్మంలో ఆగిపోయాడు.

కఫీలు చెప్పిందంతా ఆయన మాట్లాడే వచ్చీరాని హిందీలోనే, కానీ ముత్తన్నకు ప్రతి ముక్కా అర్థమైంది. ఎలియేజరు దొంగ. గోదాములో పడున్న పాత సామాను తీసి, తనే రంగులేసి, తనే అమ్ముకున్నాడు. తాళంచెవి అతని దగ్గరే దొరికింది కదా. పోలీసులకు కఫీలు అలాగే చెప్పాడు. తన దగ్గర పెయింటరంటూ ఎవరూ లేరని, ఉన్నవాడు ఎప్పుడో ఇండియా వెళ్ళిపోయాడని కూడా చెప్పాడు. రేపో ఎల్లుండో పోలీసులు షెడ్డు చూడడానికి వస్తారు.

"ఖలాస్. నువ్వు శుక్రవారం కాదు, గురువారమే పోతావు. అప్పటిదాకా ఇటు రాకు" అన్నాడు అబూ జాబిర్. జేబులోనుంచి పాస్‌పోర్టు, కొత్త టిక్కెట్టు తీసి బల్లమీద పెట్టాడు.

అడగందే అమ్మయినా పెట్టదంటారు. అడగకుండానే కఫీలు పాస్‌పోర్టు పెట్టాడు. ఆ నీలం అట్ట కోసం ఇన్నేళ్ళూ కలలుగన్న ముత్తన్న దాన్ని చూసి భయపడ్డాడు. కళ్ళకద్దుకోవాల్సింది పోయి, వేడి పెనం ముట్టుకున్నట్టు చివరలు పట్టుకుని తీసుకున్నాడు.

"బాబా, ఎలియేజరు..." అన్నాడు.

"నీకు కూతురుంది కదా? యల్లా, గోదాము కడుగు" అన్నాడు అబూ జాబిర్, ఇంకా మెత్తగా.

ముత్తన్న గోదాము కడిగాడు. ఎర్రరంగు పడిన బల్లను గీకాడు. గుడ్డపేలికలు మూటగట్టాడు. కుంచెను జేబులో దాచుకున్నాడు. అంతా అయ్యాక థిన్నరు సీసా, ఒక గుడ్డ పట్టుకుని బయటికొచ్చి గేటు మూలనున్న చుక్కను తుడిచాడు. షెడ్డులో నిలబడిన కార్ల పెట్రోలు మూతలు తీసి తుడిచాడు. కఫీలు కారును కూడా వదల్లేదు. ఇన్నేళ్ళూ చెయ్యి తనకు తెలియకుండా పెట్టిన చుక్కలను ఇప్పుడు అతను పనిగట్టుకుని వెతికి చెరుపుతున్నాడు. చెరిపిన ప్రతిచోటా రంగు కాస్త మాసి, ఇక్కడేదో ఉండేదని చెబుతున్నట్టే అనిపించింది. దానికి మళ్ళీ భయం.

క్యాంపులో కూలరు తుడుస్తుంటే లక్ష్మణ్ వెనకనుంచి చూశాడు.

"గుమ్మడికాయల దొంగ ఎవడంటే బుజాలు తడుముకున్నట్టున్నవ్. ఎవడడిగిండు నిన్ను?"

"ఎవరన్న అడిగితే?"

"అడిగేటాళ్ళకు నువ్వు దొరుకవు. గురువారం బేగంపేటల దిగుతవు." లక్ష్మణ్ గొంతు తగ్గించాడు. "మంచిగ పో. గల్ఫుల ఎవని గాచారం వానిదే. ఎలియన్నకు ఆళ్ళ సంఘపోళ్ళున్నరు."

సంఘం అనగానే ముత్తన్న చేతిలో గుడ్డ ఆగింది. ఇంకొక చుక్క మిగిలే ఉంది.

*

బుధవారం సాయంత్రం అతను బస్సెక్కి అరాద్‌లో దిగాడు. సంఘం కూడుకునేది ఒక పాత ఇంటి ముందుగదిలో. నెత్తిమీదుగా విమానాలు ఇళ్ళ కప్పులు తాకుతాయేమో అన్నంత కిందికి దిగుతున్నాయి. రేపు తనూ ఇక్కడినుంచే పైకి లేస్తాడు. జేబులో థిన్నరు సీసా, చంకలో సంచి. సంచిలో పాస్‌పోర్టు, టిక్కెట్టు, పాత తువ్వాలులో చుట్టిన చిలక ఉన్నాయి. క్యాంపులో వదలడానికి భయమేసి అన్నీ వెంటే తెచ్చుకున్నాడు.

తలుపు తీసే ఉంది. లోపల ఎవరూ లేరనుకున్నాడు. గోడకు తను రాసిన బోర్డు ఉంది. అక్షరాల కింద సిలువ, సిలువ మొదట్లో చుక్క. గుడ్డ తడిపి చెయ్యి ఎత్తాడు.

"తమ్ముడూ!"

మూలన చాప మీద కృపమ్మ కూర్చుని ఉంది. ఎలియేజరు భార్య. ఆ వీధిలోనే ఒక అరబ్బుల ఇంట్లో పనిచేస్తుంది. ముసుగు మీదికి లాక్కుని లేచి వచ్చింది. కళ్ళు వాచి ఉన్నాయి. అతని చేతిలో గుడ్డనూ బోర్డునూ చూసింది. థిన్నరు వాసన గదంతా నిండింది.

ముత్తన్న చెయ్యి దించలేకపోయాడు, తుడవనూ లేకపోయాడు.

"ఆయన్ని చూసొచ్చాను" అంది కృపమ్మ. "మా సంఘపెద్ద థామస్‌గారికి అరబీ వచ్చు. ఆయన తీసుకెళ్ళారు. డబ్బాలకి రంగేసింది నువ్వేనా అని అడుగుతున్నారంట. ఈయన చేత గోడకి సున్నం కొట్టించినా సగం నేలమీదే ఉంటాది, ఈయన రంగేయడమేంటి?"

"ఏం జెప్పిండు?"

"ఏం చెప్పలేదు. ఔననలేదు, కాదనలేదు." ఆమె ముసుగు కొసతో ముక్కు తుడుచుకుంది. "ఆ కీలు కింద చుక్కేంటని కూడా అడిగారంట. ఈగ రెట్టేమోనండి అన్నాడంట. అక్కడ కూడా ఆ ఎకసెక్కాలే. నాతో ఒక్కటే చెప్పాడు. శుక్రవారం దాటేదాకా ఎవరికీ ఏం చెప్పకే, ముత్తన్న పిల్లని చూడాలి, అతను విమానమెక్కాక నేను నిజం చెప్తాను అన్నాడు."

ముత్తన్న గోడకు ఆనుకున్నాడు.

"ఎక్కాక చెప్తే ఎవరు నమ్ముతారు తమ్ముడూ? రంగేసినోడు ఏడీ అంటే ఎక్కడ చూపిత్తాడు?" అంది కృపమ్మ. అడిగి, తనే చప్పున నోటిమీద చెయ్యేసుకుంది. "నిన్ను ఉండిపొమ్మని అనట్లేదయ్యా. ఆయనకి మాటిచ్చాను. నువ్వు ఇటు వత్తావని నేననుకోలేదు."

మరో విమానం లేచింది. కిటికీ అద్దాలు గలగలమన్నాయి. ముత్తన్నకు నిజంగా ఏడుపొచ్చింది. పట్టుకుంటారన్న భయం ఒకటి, పట్టుబడకుండా వెళ్ళిపోతానేమోనన్న భయం ఇంకొకటి. ఇదివరకు ఎన్ని భయాలున్నా అన్నీ ఒకే దిక్కుకు తరిమేవి. పారిపోతే సరిపోయేది. ఈ రెండూ ఎదురెదురుగా నిలబడ్డాయి.

అతను గుడ్డను మడిచి జేబులో పెట్టుకున్నాడు.

"థామస్ సారు రేపు పొద్దుగాల ఉంటడా అక్కా?" అని అడిగాడు. ఆ మాట తన నోటే వచ్చిందా అని తనకే అనుమానమొచ్చింది.

*

స్టేషను గదిలో ఏసీ హోరున వీస్తున్నా ముత్తన్న చొక్కా వీపుకు అంటుకుపోయింది. బల్లకవతల కుర్చీలో కుర్ర ఆఫీసరు, పక్కన నిలబడి థామస్‌గారు. పెద్దాయన ఒక్కో ముక్కా అరబీలోకి మార్చి చెబుతున్నారు.

"నేనేసిన. నాలుగిటికీ నేనే ఏసిన. ఎలియేజరన్నకు కుంచె పట్టుడే రాదు."

ఆఫీసరు అతని చేతుల వైపు చూశాడు. అవి ఆకుల్లా వణుకుతున్నాయి. ఆ చేతులతోనా అన్నట్టు కళ్ళజోడు సర్దుకుని థామస్‌గారితో ఏదో అన్నాడు.

"స్నేహితుడికోసం చెబుతున్నావేమో అంటున్నారు. ఇలా చాలామంది వస్తారట. నువ్వే వేశావనడానికి ఏమైనా ఉందా అని అడుగుతున్నారు."

ఏముంది? గోదాము కడిగేశాడు. గేటు, కార్లు, కూలరు అన్నీ తుడిచేశాడు. తనను పట్టించేవి ఏవి ఉంటాయో వెతికి వెతికి చెరుపుకున్నాడు. ఇప్పుడు పట్టుకోండయ్యా అని వచ్చి నిలబడితే చేతిలో ఏమీ లేదు. అరాద్‌లోని బోర్డు గుర్తొచ్చింది. అంతలో ఒళ్ళోని సంచి బరువు తెలిసింది.

తువ్వాలు విప్పి చిలకను బల్లమీద పెట్టాడు. దాని బుగ్గను వేలితో చూపించాడు.

"డబ్బాలకు ఎడమ పక్క, కీలు కింద గిదే చుక్క ఉంటది సారూ. నల్లది, పక్కన పసుపు గీత. మా నాయిన పెట్టేది. మా ఇంట్ల తప్ప ఎవరూ పెట్టరు."

ఆఫీసరు చిలకను అటూ ఇటూ తిప్పి చూసి, దాన్ని తీసుకుని లోపలికి వెళ్ళాడు. ముత్తన్న గోడమీది గడియారం వైపు చూడలేదు. ఈపాటికి విమానం దగ్గర వరస కట్టి ఉంటారు. నాగవ్వ పిల్లకు కొత్త గౌను వేసి ఉంటుంది.

ఆఫీసరు తిరిగి వచ్చాడు. చిలకను తన వైపే పెట్టుకుని కూర్చున్నాడు. ఈసారి అడిగిన ప్రశ్న చిన్నది. థామస్‌గారు దాన్ని తెలుగులో చెప్పేముందు ఒక్క క్షణం ఆగారు.

"రంగు వెయ్యమని ఎవరు చెప్పారు?"

ఇంతదాకా ముత్తన్న చెప్పింది తన సంగతి. ఇది కఫీలు సంగతి. తనకు అన్నం పెట్టేవాడి పేరు, తన కాగితాలన్నిటి మీదా ఉన్న పేరు. కూతురుంది కదా అన్న ఆ మెత్తని గొంతు చెవిలో మెదిలింది. ఖాళీ తువ్వాలును ఒళ్ళో మడిచాడు.

"అబూ జాబిర్" అన్నాడు. చాలా సన్నగా అన్నాడు. ఆఫీసరు మళ్ళీ చెప్పమన్నాడు. ఈసారి గదంతా వినబడేలా చెప్పాడు.

ఆఫీసరు రాసుకున్నాడు. పాస్‌పోర్టు అడిగాడు. ముత్తన్న ఇచ్చాడు. అది బల్ల సొరుగులోకి పోయింది. చిలక ప్లాస్టిక్ కవరులోకి పోయింది. దానికి ఒక చీటీ కట్టారు. నిన్ను ఏం చేస్తారో ఇప్పుడే చెప్పలేరట, ముందు మీ కఫీలును పిలిపిస్తారట అని థామస్‌గారు మెల్లగా చెప్పారు. చెబుతూ అతని భుజం మీద చెయ్యి వేసి, తీయకుండా అలాగే ఉంచారు.

కాసేపటికి ఎలియేజరును తీసుకొచ్చారు. గడ్డం పెరిగింది. బెల్టు తీసేసినట్టున్నారు, ప్యాంటును ఒక చేత్తో పట్టుకుని నడిచాడు. గోడవారనున్న బల్లమీద ముత్తన్నను చూసి నిలబడిపోయాడు. ఆఫీసరు బల్లమీద కవరులో ఉన్న చిలకను చూశాడు. అంతా అర్థమైంది. ముఖం ఎర్రబడింది.

"నీకు బుద్ధుందా అసలు? శుక్రవారం దాకా ఆగలేకపోయావా?"

ముత్తన్న తల ఎత్తలేదు.

"ఆగుదుననే అనుకున్నన్నా. గని ఇంటికాడ ఎవరు తలుపు కొట్టినా నువ్వే అనుకుంట భయపడుడే గద."

ఎలియేజరు ఏదో తిట్టబోయాడు. దగ్గాడు. ముత్తన్న బల్లమీద కాస్త పక్కకు జరిగి, అతనికి చోటిచ్చాడు.